మూడో పేరు

మా ఊళ్ళో మేనేజరంటే
బ్యాంకులో ఉండాల, లేదంటే గుజ్జు ఫ్యాక్టరీలో.
ఏకాంబరం మేనేజరయినాడని తెలిసి
పెండ్లాం తరపువాళ్ళు పలమనేరు నించి
అరటిగెల ఎత్తుకోని వచ్చినారు.
"ఏ బ్రాంచి?" అని అడిగినారు.
"మెసానికల్ గ్రౌండు" అన్నాడు.
కాఫీ తాగినారు, బస్సుకి పొద్దయిందన్నారు.

ఇంగ్లండులో అట్లనేనంట.
ఆడి ఆడి మోకాలు అరిగినోణ్ణి
కోటు తొడిగి గీత బయట నిలబెడతారంట.
కాట్పాడి ప్లాట్‌ఫారం మింద కొన్న పాత పత్రికలో
బొమ్మ గూడా చూపించినాడు,
వానలో తడస్తా ఎవురో ముసలాయన,
నోరు తెరిచి అరస్తా ఉండాడు.
ఆ పొద్దు నించి ఇంగ్లీషు ఏకాంబరం.
వచ్చిన ఇంగ్లీషు మాత్రం మూడు ముక్కలు:
మ్యాన్ ఆన్. టర్న్. సారీ రెఫ్.

నేను గోలీని. వెనక నించి చూసినోణ్ణి.
జనం ఆయన కాళ్ళు చూసినారు,
నేను వీపు చూసినా.
ఇంట్లో సూదితో కుట్టిన మూడో నెంబరు
ఉతికినప్పుడల్లా ఒక పక్క ఊడి వేలాడేది.
ఎడమ గీత ఆయనకి పొలం గట్టు.
ఎవుడన్నా దాటొస్తే
సర్వేయరుని పిలిచినట్టు చెయ్యెత్తి
ఆఫ్‌సైడ్ అని అరిచేవాడు.

మోకాలు పోయింది ఆటలో కాదు.
కాయల సీజన్లో మండీకి కూలికి పోయి
తోతాపురి తొక్క మింద జారినాడు.
వేలూరోళ్ళ సెంటర్ ఫార్వర్డు తన్నినాడని
చెప్పమన్నాడు.
పాతికేండ్లు చెప్పినా.
ఈ పొద్దు చెప్పలేకపోతా ఉండా.

కుంటతానే ఆడినాడు రెండేండ్లు.
చక్కెర ఫ్యాక్టరీ టీముకి
చీటీ రాసేది ఆయనే, చీటీలో ఉండేదీ ఆయనే.
చెరకు కాటా చీటీ వెనక పదకొండు పేర్లు.
మొదట నాది.
మూడో చోట పేరు రాసేవాడు కాదు,
"నేను" అని రాసేవాడు.

కాట్పాడి రైల్వేవాళ్ళతో ఆట, మే నెల.
నీవా ఏట్లో ఇసక తప్ప ఏమీ లేదు.
చీటీ మోకాలి మింద పెట్టుకోని రాసినాడు,
ఒకటి, రెండు, నాలుగు, అయిదు,
అట్ల పదకొండు దాకా పోయి
మళ్ళీ మూడు కాడికొచ్చి కూర్చున్నాడు.
పెన్ను విదిలించినాడు. ఇంకు ఉండాది.
మురకంబట్టులో పంక్చర్లేసే పిల్లోడు
షఫీ అని రాసినాడు.
ఆ చీటీ నాకియ్యలేదు, రాయి కింద పెట్టి
నీళ్ళు తాగే దానికి పోయినాడు.

గీత బయట ఆయనకి
చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు.
కోటు లేదు గదా, జోబీలుండేదానికి.
పది నిముషాలకే షఫీ పక్కనించి
ఒకడు దూసుకోని వచ్చినాడు,
బంతి నా కాళ్ళ సందులో దూరింది.
నేను ఎడమ పక్కకే చూసినా, అలవాటు.
అక్కడ, గీత బయట,
ఏకాంబరం చెయ్యెత్తి నిలబడుండాడు.
"బయటోళ్ళు చెయ్యెత్తగూడదు" అన్నాడు రెఫరీ.
సారీ రెఫ్.

మేనేజరుగా ఆయన లెక్క నాకు తెలుసు:
ఆడింది నలభై ఒకటి, గెలిచింది తొమ్మిది.
అందులో ఒకటి, అవతలోళ్ళ బస్సు
బంగారుపాళ్యం కాడ చెడిపోయినందుకు.
ఇంగ్లండులో ఓడితే తీసేస్తారంట.
ఇక్కడ ఫ్యాక్టరీనే మూసేసినారు.
తీసేసినామని కాగితం గూడా రాలేదు,
అందుకే, లెక్కకి, ఇంకా మేనేజరే.

ఇప్పుడు గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ ఉండాడు.
ట్రాక్టర్లు మైలు పొడుగు నిలబడతాయి జూన్లో.
మెళ్ళో విజిలు. ఎవుడన్నా వరస తప్పి
ఎడమ పక్కనించి దూరితే
ఆ చెయ్యి లేస్తుంది.
ఇక్కడ అందురూ ఆగతారు.

నిన్న నా లోడు తూకమేసి
కాటా చీటీ చేతికిచ్చినాడు.
ఊరికే వెనక్కి తిప్పి చూసినా.
"ఏందిరా చూస్తావు" అన్నాడు,
"బరువు ముందర పక్క గదా ఉండేది."